వార్చిన నీళ్ళు

విజయ్ కుమార్ ముందు పరుపు ఎత్తి చూశాడు. తర్వాత దిండు గలీబు ఊడదీసి దులిపాడు. బైబిలు సంచి తలకిందులు చేస్తే కళ్ళజోడు పెట్టె, పాటల పుస్తకం, రెండు దగ్గు బిళ్ళలు నేల మీద పడ్డాయి. బిళ్ళలను వెలుతురుకు ఎత్తి చూసి జేబులో వేసుకున్నాడు. సంతోషమ్మ మంచం కోడుకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. కొడుకు వెతుకులాట అయ్యేదాకా తల ఎత్తలేదు. ఏదైనా దొరికితే ఒకటి రెండు దెబ్బలతో పోతుంది. దొరక్కపోతేనే ఆమెకు భయం.

ఏమీ దొరకలేదు.

అతను చేతి గడియారం విప్పి అలమరలో పెట్టాడు. గడియారం గీరుకుంటే ఆమె చర్మం చిట్లుతుందని, ఆమెకు రక్తం తొందరగా ఆగదని అతనికి తెలుసు. తలుపు దగ్గరగా వేసి భార్యను పేరు పెట్టి పిలిచాడు. నిస్సీ వచ్చి అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని దూరంగా జరిపి పట్టుకుంది. ఆ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు. ఆస్పత్రిలో మిషను సూదులు గుచ్చేది అక్కడే. దానికి దెబ్బ తగిలితే ప్రాణానికే మోసమని డాక్టరు చెప్పినప్పటి నుంచి, కొట్టే సమయంలో ఆ చెయ్యి కాపాడటం నిస్సీ పని అయింది. చర్మం కింద రక్తం బుర్రుమని తిరగడం ఆమె వేళ్ళకు తెలుస్తూ ఉంటుంది. అప్పుడు ఆమె గోడ వైపే చూస్తుంది.

"ఏం తింటివి మా?" అన్నాడు. గొంతు పెంచలేదు.

ఏమీ తినలేదని సంతోషమ్మ చెప్పింది. మొదటి దెబ్బ చెంప మీద పడింది.

ఆ సాయంత్రమే తిరుపతి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. సంతోషమ్మ మూత్రపిండాలు పనిచేయక రెండేళ్ళు దాటింది. సోమవారం, గురువారం శ్రీకాళహస్తి నుంచి బస్సులో తిరుపతికి పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది. మధ్య రోజుల్లో తిన్నదాంట్లోని చెడుగంతా ఒంట్లోనే నిలవ ఉండిపోతుంది. రక్తంలో పొటాషియం మళ్ళీ పెరిగిందని, ఇట్లాగే పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుందని, ఆమె తిండిని కనిపెట్టుకుని ఉండమని ఫోన్‌లో చెప్పారు. విజయ్ కుమార్ కనిపెట్టుకునే ఉన్నాడు. ఊరగాయ జాడీలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. వంటగదిలో ఆమె అడుగు పెట్టకూడదన్నాడు. అరటిపండ్ల బండిని వీధి మొదట్లోనే ఆపేవాడు. రాత్రుళ్ళు నిద్ర లేచి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకునేవాడు. ఇంత చేసినా పెరిగిందంటే దొంగతనంగా తింటున్నట్టే. అతనికి ఇంకో దారి తోచలేదు.

"నువ్వు సచ్చిపోతావు మా," అన్నాడు. వీపు మీద కొట్టాడు. "నువ్వు సచ్చిపోతే నేనేమైపోవాల?" మళ్ళీ అక్కడే కొట్టాడు. నాయుడుపేట కంపెనీలో ఇనుప రేకులు మోసే చేతులవి. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారి మీసంలోకి దిగుతున్నాయి. కొట్టిన ప్రతిసారీ నిస్సీ కూడా కదిలింది. అయినా ఎడమ చెయ్యి వదల్లేదు.

తినని దాన్ని ఏమని ఒప్పుకోవాలో సంతోషమ్మకు తెలియలేదు. ఊపిరి అందక కిటికీ వైపు తల తిప్పింది. ప్రహరీ అవతల పక్కింటి శకుంతలమ్మ వాకిట్లో నులక మంచం మీద చీర పరిచి మామిడి ఒరుగులు ఆరబోసి ఉన్నాయి.

"ఒరుగులు," అంది. "మామిడి ఒరుగులు తింటిని."

దెబ్బలు ఆగాయి. ఆ ఒక్క మాటకు ఆగుతాయని తెలిస్తే ముందే చెప్పేది.

"యాడివి?"

రెండో ప్రశ్న ఉంటుందని ఆమె అనుకోలేదు. "శకుంతలమ్మ పెట్టింది," అంది.

అతను కాసేపు రొప్పుతూ నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు తడిపి తెచ్చి ఆమె ముఖం, మెడ మెల్లగా తుడిచాడు. ఫ్రిజ్‌లో నుంచి గోటంత మంచుముక్క స్పూనులో తెచ్చి నోటి దగ్గర పెట్టాడు. మింగొద్దని, నాలుక మీదే కరగనివ్వమని చెప్పాడు. గడియారం పెట్టుకుని బయటికి పోయాడు.

నులక మంచం బోర్లా పడిన చప్పుడు లోపలికి వినిపించింది. శకుంతలమ్మ కేక, ఆమె భర్త కేక, ఎవరినో గోడకు తోసిన చప్పుడు. సంతోషమ్మ మంచుముక్కను దవడకు నొక్కి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఒరుగులన్నీ మురికి కాలువలో పోశాడని నిస్సీ కిటికీ దగ్గర నిలబడి చెప్పింది. శకుంతలమ్మ భర్త పెదవి చిట్లిందని కూడా చెప్పింది.

తెల్లవారి శకుంతలమ్మ గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. విజయ్ కుమార్ డ్యూటీకి పోయాడని చూసుకునే వచ్చింది. ఇద్దరూ పెళ్ళయి వచ్చింది మొదలు ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకున్నవాళ్ళు.

"నేనెప్పుడు పెట్టినాను నీకు ఒరుగులు? ఒక్క మాట సెప్పు సాలు. నా మొహం సూసి సెప్పు."

సంతోషమ్మ ఆమె ముఖం చూడలేకపోయింది. చెబితే ఆ మాట సాయంత్రానికి కొడుకు చెవిన పడుతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. వాకిట్లో రాలిన వేపపూత వైపు చూస్తూ నిలబడింది.

"సరే మా," అంది శకుంతలమ్మ. "నువ్వు బాగుండు. నీ వాకిలి నాకొద్దు, నా వాకిలి నీకొద్దు." గేటు గడియ తనే వేసి పోయింది.

గురువారం ఆస్పత్రిలో మునిశేఖర్ సూదులు గుచ్చబోతూ ఆమె చెంప చూశాడు. అతను ఆ హాల్లో మిషన్లు నడిపే కుర్రాడు. ఏమైందని అడిగితే, బాత్రూములో జారిపడ్డానని సంతోషమ్మ చెప్పింది. పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డ విజయ్ కుమార్, నాచు పట్టింది, ఆదివారం సున్నం వేసి కడుగుతానని చెప్పాడు. మునిశేఖర్ ఇంకేమీ అడగలేదు. ఆ హాల్లో విజయ్ కుమార్‌కు మంచి పేరు. డ్యూటీలు మార్చుకుని తల్లిని తనే తీసుకొస్తాడు. తాగే నీళ్ళు గీతలు పెట్టిన బాటిల్‌లో పోస్తాడు. ఇట్లాంటి కొడుకును కనాలి అని నర్సులు మిగతావాళ్ళ ముందే అంటారు. వాళ్ళ సంఘంలో అయితే పాస్టరుగారు అతన్ని లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు.

పక్క మంచం రఘునాథ్‌ది. తిరుపతిలో బజ్జీల బండి నడిపిన మనిషి. సూది గుచ్చిన కాసేపటికే దుప్పటి కింద నుంచి కాగితం పొట్లం తీశాడు. మసాలా వడ వాసన మూడు మంచాల దాకా పోయింది.

"మిషన్ మీద ఉండేటప్పుడు తినేసేయాల అక్కా," అన్నాడు. "ఇట్ల మింగితే అట్ల లాగేస్తాది. మన ఒంటికి తెలిసేలోపలే పని అయిపోతాది."

అతని భార్య, కాటికి పోయే దారిలో కూడా బజ్జీల బండి ఆపుకునే మనిషని అతన్ని తిట్టింది. అక్కడ బండి పెడితే బేరం బాగుంటుందని అతను ఒప్పుకున్నాడు. నర్సు నవ్వు ఆపుకుని అటు తిరిగింది. సంతోషమ్మ నోట్లో నీరూరింది. వడ కోసం కాదు. ఆ కరకర చప్పుడు కోసం. రెండేళ్ళుగా ఆమె పళ్ళ కింద చప్పుడు చేసే వస్తువు పడలేదు. ఇంట్లో ఆమె కంచంలోకి వచ్చేవి తెల్లన్నం, ఉడికి ఉడికి రంగు పోయిన కూరగాయ ముక్కలు. ముక్కను వేలితో నొక్కితే ముద్దయిపోతుంది. చప్పగా కూడా ఉండదు, ఏదో తడిగుడ్డ నమిలినట్టు ఉంటుంది. ఒక్క రసమే ఆమెను బతికిస్తున్నది. నిస్సీ మిరియాలు నూరి పెట్టే రసం. అన్నంలో కలుపుకుంటే ముద్ద గొంతు దిగేది.

తిండి సంగతి చెప్పే మేడమ్ ఫైలు పట్టుకుని వచ్చింది. పొటాషియం ఎందుకు పెరుగుతున్నదో ఆమెకు అంతుపట్టలేదు. అడిగిన ప్రశ్నలకు విజయ్ కుమారే జవాబు చెప్పాడు. పండ్లు లేవు, కొబ్బరినీళ్ళు లేవు, పప్పు లేదు. కూరగాయలు సన్నగా కోసి, నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి పెడుతున్నాం. మొన్న మాత్రం పక్కింటామె ఒరుగులు పెట్టింది, దానికి తగిన బుద్ధి చెప్పాను అన్నాడు. రసం మాట వచ్చింది. పప్పు లేని మిరియాల రసం కొంచెంగా అయితే ఫరవాలేదని మేడమ్ అంది. కూరగాయలు అట్లాగే వండమంది. ముక్కల్లో ఉండే పొటాషియమంతా ఆ ఉడికిన నీళ్ళలోకే దిగిపోతుందని, అందుకే అన్ని నీళ్ళు పోసి ఉడికించమనేదని చెప్పి పక్క మంచానికి పోయింది. సోమవారం మళ్ళీ రక్తం తీస్తామన్నది.

సంతోషమ్మ సోమవారానికి రోజులు లెక్కపెట్టుకుంది. ఒరుగులు తినలేదు కాబట్టి ఒరుగులు మానేయడం ఆమె చేతిలో లేదు. సోమవారం రక్తం ఏం చెబుతుందో దేవుడికే తెలియాలి. అప్పుడు ఎవరి పేరు చెప్పాలి?

శుక్రవారం విజయ్ కుమార్ పొద్దుటి డ్యూటీకి కంపెనీ బస్సు ఎక్కాడు. సంతోషమ్మ పీట వేసుకుని వంటగది గడప ఇవతల కూర్చుంది. గడప దాటకూడదు కానీ చూడకూడదని ఎవరూ అనలేదు. ఒళ్ళంతా నొప్పులుగా ఉంది. ఒంటరిగా మంచం మీద ఉంటే సోమవారమే గుర్తొస్తున్నది.

నిస్సీ ఉర్లగడ్డ, చిక్కుడుకాయలు సన్నగా కోసి పెద్ద గిన్నెలో ఉడకేసింది. ముక్కలు మెత్తబడ్డాక గిన్నె దించి, పైన కంచం అడ్డం పెట్టి, గుడ్డతో అంచులు పట్టుకుని నీళ్ళు వార్చింది. తూము దగ్గరికి పోలేదు. పొయ్యి పక్కన ఉన్న ఇత్తడి చెంబులోకి వార్చింది. చివరి బొట్టు దాకా కారనిచ్చి చెంబు మీద మూత పెట్టింది. రోలు ముందు కూర్చుని మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరడం మొదలుపెట్టింది. నూరిన ముద్దను చెంబులో కలిపి పొయ్యి మీద పెట్టింది.

సంతోషమ్మ చూస్తూనే ఉంది. చెంబులో నురుగు పొంగి అంచు దాకా వచ్చింది. వాసన ఎప్పటిలాగే బాగుంది.

"నిస్సీ," అంది. "రసం రోజూ ఈ నీళ్ళతోనే పెడతావా?"

"అవునత్తా. సారమంతా దాంట్లోనే ఉంటాది కదా. మాయమ్మ అయితే ఈ నీళ్ళు పారబోస్తే సేతులు ఇరగ్గొట్టేది." నిస్సీ గరిటెతో కలుపుతూ నవ్వింది. "ముక్కల్లో ఏముండాది, పిప్పి. నువ్వు ఇష్టంగా తినేది ఇదొక్కటే. అందుకే రెండు పూటలా పెడతా ఉండా. మీ కొడుక్కి సెప్పబాక, ఈ మధ్య ముక్కలు ఎక్కువ ఏసి సిక్కగా కాస్తా ఉండాను."

సంతోషమ్మ గోడ పట్టుకుని లేచింది. గడప దాటింది. పొయ్యి ఆపి, కొంగుతో చెంబు పట్టుకుని తూము దగ్గరికి తీసుకుపోయి మొత్తం వంచేసింది. తూములో నుంచి మిరియాల ఆవిరి ఇద్దరి ముఖాలకూ కొట్టింది.

మేడమ్ చెప్పిన మాట ఆమె నోటి నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. నిస్సీ మొదట వినలేదు. విన్నాక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే చతికిలబడింది. రోలు తగిలి మోచెయ్యి గీసుకుపోయినా చూసుకోలేదు. తన చేతులతోనే అత్తకు ఇన్నాళ్ళూ అది పోసింది. పోసినందుకు అత్త దెబ్బలు తింటుంటే తన చేతులతోనే చెయ్యి పట్టుకుంది.

"సెప్పబాక అత్తా," అంది. "నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను కావాలనే పోసినానంటాడు. వాళ్ళమ్మను సంపబోయినానంటాడు. నన్ను బతకనియ్యడు."

కోడలి పై పెదవి మీద తెల్లటి గీత ఉంది. అది ఎట్లా వచ్చిందో సంతోషమ్మకు తెలుసు. కొడుకు పెద్ద మనసు చేసుకుంటాడని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఎవరికీ చెప్పనని కోడలి తల మీద చెయ్యి పెట్టింది.

తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, క్యాబేజీ ఉందా అని అడిగింది.

హాస్టల్ పిల్లలకు ఏళ్ళ తరబడి వండిన మనిషి ఆమె. క్యాబేజీ దారాల్లాగా కోసింది. ఉడికించి, ఆ నీళ్ళు తూములో పోసింది. ఉడికినదాన్ని గుడ్డలో మూటగట్టి నీటి చుక్క లేకుండా పిండింది. ఇనుప మూకుడు పొగ వచ్చేదాకా కాల్చి, స్పూను నూనెలో ఆవాలు చిటపటలాడించి, ఎండుమిరపకాయలు నల్లబడే ముందు వెల్లుల్లి చితక్కొట్టి వేసింది. క్యాబేజీని మూకుడంతా పలుచగా పరిచి కదపకుండా వదిలేసింది. కదపబోయిన నిస్సీ చెయ్యి పట్టుకుంది. అడుగు ఎర్రబడి కరకరలాడాలి. ఉప్పు వంటలో వేయలేదు. కంచంలో పెట్టాక వేళ్ళ చివరన పట్టినంత పైన చల్లింది. ఉప్పు కూర లోపల పడితే ఎంత వేసినా కనపడదు, పైన ఉంటే నాలుకకు ముందు అదే తగులుతుందని కోడలికి చెప్పింది. గుడ్ల తెల్లసొన మిరియాలు, ఉల్లిపాయతో గిలక్కొట్టి అట్టులా పోసింది. పచ్చసొన నిస్సీకి తీసిపెట్టింది. రసం మామూలు నీళ్ళతో పెట్టింది, చిన్న గ్లాసుకు సరిపడా. దించాక నిమ్మచెక్క ఒక్కసారి పిండి, కరివేపాకు వేసి మూత పెట్టింది.

ఇద్దరూ వంటగది నేల మీదే కూర్చుని తిన్నారు. క్యాబేజీ పళ్ళ కింద కరకరమంది. సంతోషమ్మ నమలడం ఆపి, మళ్ళీ నమిలింది. చెంప వాచిన వైపు నొప్పి పుట్టినా అటే నమిలింది. కళ్ళ నుంచి నీళ్ళు కారి కంచంలో పడుతుంటే, వేసిన ఉప్పు చాలలేదా అత్తా అని నిస్సీ అడిగింది. ఇద్దరికీ నవ్వు వచ్చింది. వాచిన వీపు వల్ల సంతోషమ్మ నవ్వలేక గోడకు ఒరిగింది.

తిన్నాక దొంగల్లా పని చేశారు. మూకుడు బూడిదతో తోమారు. కిటికీలు తెరిచారు. ఉర్లగడ్డ ముక్కలు ఎప్పటిలా గిన్నెలో సర్ది పైన పెట్టారు, అతను వచ్చి చూస్తే కనపడాలని. తినకూడనిది తెలిసి ఒక్కరోజు కూడా తినని మనిషి, తినదగింది దాచుకుని తినవలసి వచ్చింది. శనివారం సొరకాయ కూడా అట్లాగే వండుకున్నారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక విజయ్ కుమార్ బట్టలు మార్చుకుని బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి నిస్సీ తల దువ్వుకుంటున్నది. అతను ఆమె వెనక నిలబడి జుట్టు వాసన చూశాడు. వెల్లుల్లి తాళింపు వాసన.

ఏం వండావని అడిగాడు. తన కోసం కొంచెం వేపుడు చేసుకున్నానని ఆమె చెప్పింది. అతను దువ్వెన లాక్కున్నాడు. మాయమ్మ నాలుక చంపుకుని పడుంటే దాని ముక్కు కింద తాళింపులు పెట్టుకుని తింటావా అన్నాడు. దువ్వెన పళ్ళ వైపుతో భుజం మీద కొట్టాడు. అది విరిగాక జుట్టు పట్టుకుని తలను తలుపు చెక్కకు కొట్టాడు. ఆ దెబ్బకు అలమరలోని గ్లాసులు గలగలలాడాయి. ఈసారి గడియారం విప్పలేదు.

సంతోషమ్మ అతని నడుము పట్టుకుని వెనక్కి లాగింది. "విజయ్, అది నా కోసం..." అంటుండగా, నిస్సీ నుదుటి నుంచి కారే రక్తంలో నుంచి ఆమె వైపు చూసి తల అడ్డంగా తిప్పింది. సంతోషమ్మ నోరు మూసుకుంది. అతను తల్లి ఎడమ చేతిని మెల్లగా తన నడుము నుంచి విడదీసి, జాగ్రత్తగా కిందికి దించి, మళ్ళీ భార్య వైపు తిరిగాడు.

సోమవారం సూదులు గుచ్చకముందే రక్తం తీసుకుపోయారు. సంతోషమ్మ మిషను గొట్టాల్లో తన రక్తం తిరగడం చూస్తూ పడుకుంది. నిస్సీ ఇంట్లో ఉంది. నుదుటికి పసుపు అద్దుకుని, కుట్లు వేయించుకోవడానికి కూడా బయటికి రాలేదు.

ఎదురు మంచం మీద కొత్తగా ఒకామె చేరింది. చంద్రగిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన చంద్రకాంతమ్మ. సేద్యం చేసే ఇంటి మనిషి, చేతులకు బంగారు గాజుల మచ్చలు ఉన్నాయి కానీ గాజులు లేవు. ఆమె కొడుకు రూపేష్ మంచం పక్కన నిలబడి, పొద్దున బస్సులో అమ్మ జామకాయ కొనుక్కుని తినేసిందని అందరికీ చెబుతున్నాడు. చంద్రకాంతమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుని పైకప్పు చూస్తున్నది.

మేడమ్ కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. సంతోషమ్మ పొటాషియం బాగా దిగిందట. ఏం చేశారో కానీ అట్లాగే చేయమంది. మునిశేఖర్ బొటనవేలు ఎత్తి చూపించాడు. విజయ్ కుమార్ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాడు. తల్లి పాదాలు రెండూ దుప్పటి మీద నుంచే గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు ఎంత ప్రేమదో ఆమెకు తెలుసు. అందుకే ఆమెకు ఏడుపు వచ్చింది.

రూపేష్ దగ్గరికి వచ్చి, ఏం చేస్తివన్నా, మాయమ్మ ఎంత చెప్పినా వినదు అన్నాడు.

విజయ్ కుమార్ ముఖం తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు కానీ సంతోషమ్మకు ప్రతి మాటా వినిపించింది.

"సెప్తే ఇనరబ్బా. పసిబిడ్డల్తో సమానం. ఒకసారి గట్టిగా సెయ్యి సేసుకోవాల. మనకూ కష్టంగానే ఉంటాది. అయినా బతకాల కదా వాళ్ళు. సూడు మాయమ్మను, వారం తిరక్కముందే దారికొచ్చింది. ఆ సూది సెయ్యి మాత్రం ఎవర్నైనా పట్టుకోమను."

రూపేష్ తల ఊపుతూ విన్నాడు. తర్వాత తిరిగి తల్లి మంచం వైపు చూశాడు. కోపంగా చూడలేదు. ఎక్కడ కొట్టాలా అని చూసినట్టు చూశాడు. చంద్రకాంతమ్మ దుప్పటి ఇంకా పైకి లాక్కుంది.

సంతోషమ్మకు నిస్సీ తల అడ్డంగా తిప్పడం కళ్ళ ముందు ఆడింది. నోరు మూసుకుంటే ఎవరూ దెబ్బలు తినరని అనుకుంది. నిస్సీ తిన్నది. ఇప్పుడు ఈ మనిషి తింటుంది. తను ఈ మంచం మీద పడుకుని, దారికొచ్చిన తల్లిగా పేరు తెచ్చుకుంటుంది.

"అబ్బీ," అని రూపేష్‌ను పిలిచింది. అతను తిరగకపోతే మళ్ళీ పిలిచింది. "దెబ్బలకు తగ్గలేదు నాయనా నాకు. నేనేమీ తిన్లేదు. కూరగాయలు వార్చిన నీళ్ళతో రసం పెట్టుకుని తాగినాము. చెడంతా దాంట్లోనే ఉండాది. నీళ్ళు పారబోసినాము, తగ్గింది."

రూపేష్ విజయ్ కుమార్ వైపు తిరిగాడు.

"ఒరుగులు తింటివి కదా మా," అన్నాడు విజయ్ కుమార్.

"తిన్లేదు. నువ్వు కొడతా ఉంటే ఓర్చుకోలేక అబద్ధం సెప్పినాను. ఆ యమ్మ నాకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు." చెంప మీది నల్లటి మచ్చను అందరూ చూస్తున్నారని ఆమెకు తెలిసింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "బాత్రూములో పడలేదు నేను."

మేడమ్ కాగితం మడుస్తూ ఆగిపోయింది. మునిశేఖర్ విజయ్ కుమార్ వైపు, తర్వాత సంతోషమ్మ చెంప వైపు చూశాడు.

"ఆ నీళ్ళతో రసం పెట్టిందెవరు?" అన్నాడు విజయ్ కుమార్. చాలా మెల్లగా అడిగాడు.

ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. "నేనే పెట్టమన్నాను," అంది. "ఆ బిడ్డ వద్దంటా ఉన్నా నేనే తిట్టి పెట్టించుకున్నాను. సారం పోతాదని."

ఆ మాట అబద్ధమని అతనికి తెలిసిందో లేదో ఆమె కనుక్కోలేకపోయింది. అతని చేతులు మంచం ఇనుప కడ్డీని పట్టుకున్నాయి. కడ్డీ కదిలింది.

మొదట రఘునాథ్ భార్య మాట్లాడింది. వార్చిన నీళ్ళు తను కూడా పారబోయదట, సాంబారులో పోస్తుందట. రఘునాథ్ లేచి కూర్చోబోయి సూది గుర్తొచ్చి పడుకున్నాడు. "వడలు తిని సస్తాననుకుంటే నీ సాంబారు తిని సచ్చేటట్టు ఉన్నానే," అన్నాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. కిటికీ పక్క మంచం ఆమె, మేము దాంతోనే అన్నం వండుతామని చెప్పింది. ఇంకొకామె, పిండి కలుపుతామంది. ప్రతి మంచం దగ్గరా ఒక ఆడమనిషి ఏదో ఒకటి చెబుతున్నది. మేడమ్ ఒక్కో మంచం దగ్గర ఆగి వింటూ పోతున్నది, ముఖం పాలిపోయింది.

"మరి నోటికి ఏం తగలాల మా?" అని మొదటిసారి చంద్రకాంతమ్మ నోరు తెరిచింది. "రసం కూడా లేకపోతే ఎట్ల తినేది?"

"రసం తాగొచ్చు. మామూలు నీళ్ళతో పెట్టుకోవాల, చిన్న గ్లాసు. చింతపండు వద్దు, దించినాక నిమ్మకాయ పిండుకోవాల. క్యాబేజీ అయితే..."

"సాలు మా," అన్నాడు విజయ్ కుమార్. "గమ్మునుండు."

"క్యాబేజీ అయితే ఉడికించి, గుడ్డలో గట్టిగా పిండాల," అంది సంతోషమ్మ.

అతను కడ్డీ వదిలాడు. నీళ్ళ బాటిల్, సంచి మంచం మీద ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. హాలు మధ్య నుంచి నడిచిపోయాడు. దారిలో ఎవరూ అతనికి అడ్డం రాలేదు, ఎవరూ పలకరించలేదు. బస్సుస్టాండుకు పోతున్నాడో, వరండాలో నిలబడతాడో, ఇంట్లో నిస్సీ దగ్గరికే పోతున్నాడో ఆమెకు తెలియదు. నిస్సీకి ఫోన్ చేసి ఎవరింటికైనా పొమ్మని చెప్పమని, నంబరు చెప్పి మునిశేఖర్‌ను అడిగింది. అతను వెంటనే ఫోన్ తీశాడు. అద్దం తలుపు ఊగి ఊగి ఆగింది. ఆమె ఆ తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"మూకుట్లో వెల్లుల్లి ముందు ఎయ్యాల్నా, మిరపకాయలు ముందా?" చంద్రకాంతమ్మ దుప్పటి గుండెల దాకా దించుకుని అడుగుతున్నది.

సంతోషమ్మ తలుపు మీద నుంచి చూపు తిప్పుకుంది.

"మిరపకాయలు," అంది. "అవి నల్లబడకముందే వెల్లుల్లి."